ఆకు కోసం పెంచిన గెనుసు

నర్సరీ అబ్బాయి అలంకారం మొక్క అన్నాడు,
కుండీకి ఎనభై అన్నాడు.
వేలూరు రోడ్డు లారీల దుమ్ములో
రెండు కుండీలు స్కూటీ మీద మోకాళ్ళతో అదిమిపెట్టుకుని
గ్రీమ్స్‌పేట దాకా వచ్చాను.
ఒకటి ముదురు వంకాయ రంగు,
ఒకటి లేత నిమ్మపండు రంగు.

కింది పోర్షన్ వళ్ళియమ్మ తలెత్తి చూసింది.
"సక్కరవళ్ళి కొడి గదా ఇది!
మా ఊర్లో ఆవులకేస్తాం.
దీనికి దుడ్డిచ్చినావా?"

ఇచ్చాను.
నీవా ఏటి ఇసకలో మా తాత గెనుసు నాటేవాడు.
ఆకునెవరు చూశారప్పుడు?
ఆకంటే, ఎత్తి కింద ఏముందో వెతకడానికి అడ్డం.
పల్ప్ ఫ్యాక్టరీ కాటా దగ్గర
పొద్దున్నించి ట్రాక్టర్లు తూచే దాన్ని నేను,
ఇంట్లో ఒకటైనా
తూకానికి రానిది ఉంటే బాగుండుననిపించిందేమో.

తెలుసుకోవడానికి రెండు వేసవులు పట్టింది.
నల్లదాన్ని నీడన పెడితే
అలిగి పచ్చబడుతుంది.
నిమ్మరంగుదానికి మా చిత్తూరు ఏప్రిల్ పడదు,
పదకొండు దాటితే అంచులు అప్పడంలా కాలతాయి.
డ్యూటీ దిగి వచ్చేసరికి రెండూ
చేతులు వదిలేసి వేలాడుతుంటాయి, ఇక అయిపోయినట్టే.
ఒక చెంబు పోసి, చీర మార్చుకొచ్చేలోపు
ఏం జరిగిందన్నట్టు నిలబడి ఉంటాయి.
మొదట్లో భయపడేదాన్ని.
తరవాత కోపం వచ్చేది.

కొసలు గిల్లాలి, గుబురు కట్టాలంటే.
అది నాకు చేతకాలేదు.
పెరుగుతున్నదాన్ని పట్టుకుని గిల్లడమేమిటి?
గిల్లని తీగ గుబురవలేదు,
పొడుగ్గా ఒక్కటే
మిద్దె గోడ దాటి, కరెంటు పైపు పక్కన జారి
వళ్ళియమ్మ కిటికీ దాకా దిగింది.

దాని వెంట నీళ్ళు. నీళ్ళ కింద ఆమె వడియాలు.
ఓనరు వచ్చాడు, మెట్ల మధ్యలో నిలబడి
ఇద్దరికీ తల ఊపి వెళ్ళిపోయాడు.
"కోసెయ్" అంది.
"రేపు" అన్నాను.
రేపు రేపంటూ తోతాపురి సీజనే దాటిపోయింది.
మాటలు లేవు.

ఆకులకి సూది పొడిచినట్టు చిల్లులు,
ఆవగింజంత నల్లపురుగు, పట్టబోతే ఎగిరిపోతుంది.
కింద బట్టలారేస్తూ ఆమె
నాతో కాదు, గోడతో అంది:
"బూడిద జల్లితే పోతాది. మా నాయన జల్లేవాడు."
జల్లాను. కొంత పోయింది, కొంత ఉంది.

నవంబరు ముసురులో కుండీ అడుగు చిల్లు పూడుకుపోయింది.
అయిదు రోజులు నేను చూడలేదు.
తీగ మొదట్లో వేలు పెడితే
మెత్తగా లోపలికి దిగింది.
కుండీ బోర్లిస్తే రెండు గడ్డలు,
ఒకటి కుళ్ళు, ఒకటి గట్టిది, పాలిపోయి, వంకరగా.
చేతి అలవాటు పోదు, తూచాను,
నూట యాభై గ్రాములుంటుంది.

ఉడకబెట్టి, సగం పళ్ళెంలో పెట్టుకుని కిందికి దిగాను.
వళ్ళియమ్మ నమిలి, ఆగి, మళ్ళీ నమిలింది.
"చప్పగుండాది పాపా.
ఉండేదంతా ఆకుకే పెట్టేసినట్టుంది."

ఆమె వెనక కిటికీలో హార్లిక్స్ సీసా,
సీసాలో వంకాయ రంగు కొస,
నీళ్ళలో తెల్లటి వేళ్ళు, ముసలివాళ్ళ గడ్డంలా.
"ఎప్పుడు కోశారు?"
"నువ్వు రేపన్నావే, ఆ రేపు."

మూడు కణుపులు నాకు తుంచింది,
రెండు తను ఉంచుకుంది.
కింది ఆకులు తీసెయ్యమని,
వారం దాకా ఎండ చూపించొద్దని
నాకు తెలిసినవే మళ్ళీ చెప్పింది,
తెలియనట్టే విన్నాను.

పైకొచ్చి కుండీ చిల్లు పుల్లతో పొడిచాను,
పెంకుముక్క అడ్డం పెట్టి ఎర్రమన్ను పోశాను.
ఈసారి కొస గిల్లాలి.
కిటికీ దాకా వచ్చాక గిల్లుతానేమో.
చూద్దాం.